కుదురు

చెవిలో హోరుకు ఉపశమనం వెతుకుతూ ఉంటే హైమావతికి అనుకోనిది దొరికింది.

ఆమె కాకినాడలో వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు. భానుగుడి సెంటర్ దగ్గర ఒక టైలర్ షాపు మేడమీద ఆమె క్లినిక్. కొంతమందికి బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో కీచురాయి అరుస్తున్నట్టు ఉంటుంది. ఆ రొదను మరిపించే శబ్దాలు తయారుచేసి, వాళ్ల ఫోన్లలో వేసి ఇచ్చేది. ఎవరికి ఏ శబ్దం పనిచేస్తుందో ముందుగా చెప్పలేం. అందుకని ఎప్పుడూ కొత్తవి కలుపుతూ ఉండేది. దానికి కావలసిన ప్రోగ్రాములు మస్తాన్‌వలీ రాసేవాడు. అతను హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అక్కడి ట్రాఫిక్ పడలేక సొంతూరు వచ్చేసిన మనిషి.

ఒకరోజు రిటైరైన టీచరు ఒకావిడ కొత్త శబ్దం విని హెడ్‌ఫోన్లు తీసింది.

"హోరేమీ తగ్గలేదమ్మా. కానీ ఒక వింత. గ్యాస్ బండ బుక్ చెయ్యాలని పొద్దుటినుంచీ బుర్ర తొలిచేస్తోంది. అది ఆగిపోయింది."

"మర్చిపోయారా?"

"మర్చిపోతే మీకెలా చెప్తాను? చెయ్యాలని తెలుసు. తొలవట్లేదు, అంతే."

ఆవిడ వెళ్లిపోయాక హైమావతి ఆ హెడ్‌ఫోన్లు తనే పెట్టుకుంది. ఇంటిమీద నీళ్ల ట్యాంకు కడిగించాలన్నది ఆమెను వారంగా పీడిస్తున్న పని. దాన్ని పైకి ఒకసారి చెప్పుకుని శబ్దం మొదలుపెట్టింది. మోగుతున్న తంబురా తీగ మీద ఎవరో మెల్లగా అరచెయ్యి ఆనించినట్టు ఉంది. కొద్ది క్షణాలే. తర్వాత ట్యాంకు గురించి ఆలోచించి చూసింది. అది అక్కడే ఉంది. మురికిగానే ఉంది. కానీ చెప్పులోంచి రాయి తీసేసినట్టు హాయిగా ఉంది.

"మస్తాన్, ఒకసారి ఇలా రా," అని పిలిచింది.

మస్తాన్ కూడా విన్నాడు. స్కూటర్ సర్వీసింగ్‌కి ఇవ్వాలన్న అతని బెంగ పోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ శబ్దాన్ని కొద్దిగా మార్చి వెనక్కి తిప్పి వేస్తే ఏమవుతుందో చూద్దామన్నది మస్తానే. వేశారు. ట్యాంకూ వచ్చింది, స్కూటరూ వచ్చింది, పీకడంతో సహా. మస్తాన్ వెంటనే లేచి బండి తాళాలు అందుకున్నాడు.

"ఎక్కడికి?"

"సర్వీసింగ్‌కి మేడమ్. ఇప్పుడు ఆగలేను," అన్నాడు నవ్వుతూ.

పనులు గుర్తుచేసే యాప్‌లు అప్పటికే ఎన్నో ఉన్నాయి. జాబితాలు, అలారాలు, రంగురంగుల క్యాలెండర్లు. అవన్నీ గుర్తు చేసేవే గానీ, అవి మోగేదాకా మనిషిని నిశ్చింతగా ఉండనిచ్చేవి కావు. హైమావతి, మస్తాన్ చేసిన యాప్ వేరు. చెయ్యాల్సిన పనిని మన గొంతుతో ఫోన్‌కి చెప్పాలి, ఎప్పుడు కావాలో చెప్పాలి. ఫోన్ దించే శబ్దం వినిపిస్తుంది. పని మనసులోంచి దిగిపోతుంది. ఆ సమయానికి ఎత్తే శబ్దం, వెంటనే మన గొంతే మనకు వినిపిస్తాయి. పని మళ్లీ తలకెక్కుతుంది.

దానికి పేరు పెట్టింది హైమావతి ఆడపడుచు సుభద్ర.

సుభద్రకు చిన్నతనంలోనే భర్త పోయాడు. తల్లిదండ్రులు కూడా లేకపోవడంతో తమ్ముళ్లిద్దరినీ తనే పెంచింది. పెళ్లిళ్లు ఒప్పుకుని, పందిరి దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నీ దగ్గరుండి జరిపించడం ఆమె వృత్తి. ఆవిడ వస్తోందంటే ఆడపిల్లవాళ్లు గుండెమీద చెయ్యి వేసుకుని పడుకుంటారు. పడుకోనిది ఆవిడొక్కతే. అరిటాకులు, మేళం, పెరుగు, పెళ్లికొడుకు మేనత్తకి కింద గది, అన్నీ ఆమె తలలోనే తిరిగేవి. మరదలి మాట మీద ఇదివరకు ఏవేవో యాప్‌లు వాడి చూసింది.

"అది మోగేలోపు పదిసార్లు నేనే తెరిచి చూసుకుంటాను హైమా. అది నాకు గుర్తు చెయ్యడం కాదు, నేనే దానికి గుర్తు చేస్తన్నట్టుంది," అనేది.

కొత్త యాప్ మొదటిసారి విన్నాక మాత్రం ఫోన్‌ను బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది:

"బిందె దించడానికి మనిషొకరుంటే చాలదే. కింద పెట్టడానికి కుదురుండాలి. లేకపోతే దొర్లిపోతుంది. ఇది కుదురు."

ఆ పేరే ఖాయమైంది.

ఆ మాఘమాసమంతా సుభద్ర కుదురుతోనే పెళ్లిళ్లు చేయించింది. ఒక్క పనీ తప్పిపోలేదు. వంటవాళ్ల మీద కేకలు తగ్గాయి. మధ్యాహ్నం పూట పెళ్లివారింట్లోనే ఒక కుర్చీలో కళ్లు మూసుకుని కునుకు తీస్తోందని మేళగాళ్లు చెప్పుకుని ఆశ్చర్యపోయారు. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చి చూసింది. దేశమంతా విడుదల చేస్తామంది. దానికి ముందు కొన్ని ఇళ్లలో పరీక్షగా వాడించాలని అనుకున్నారు. తలగడ కింద ఫోన్ పెట్టుకుంటే మనిషి ఎంత కుదురుగా నిద్రపోతున్నాడో కదలికలను బట్టి తెలిసేలా మస్తాన్ ఏర్పాటు చేశాడు. ఇంట్లో కుదురు వాడేవాళ్లు, వాడనివాళ్లు అందరూ ఫోన్లు అలాగే పెట్టుకుని పడుకునేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం సుభద్ర క్లినిక్‌కి వచ్చింది. ఇంట్లో కాకుండా ఇక్కడికి రావడమే విచిత్రం.

"సూరిబాబుని కూడా దించుకోవచ్చా?" అని అడిగింది.

సూరిబాబు ఆమె చిన్న తమ్ముడు. పడవలంటే పిచ్చి. చదువు మానేసి సముద్రం మీదికి పోతానన్నాడు. పడవెక్కితే ఇక ఈ గడప తొక్కొద్దని సుభద్ర కోపంలో అంది. వాడు అప్పటికప్పుడే వెళ్లిపోయాడు. పదిహేనేళ్లయింది. హైమావతి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో జరిగిన సంగతి. పోలీసులకు చెప్పారు, తెలిసినవాళ్లను అడిగారు. తర్వాత మిగిలింది సుభద్ర ఎదురుచూపే. ప్రతి ఆదివారం చేపల రేవుకు వెళ్లి అడిగి వచ్చేది. తెలియని నంబరునుంచి ఫోన్ వస్తే మొదటి మోతకే ఎత్తేది. ఇల్లు మారనివ్వలేదు. ఆఖరికి గోడలకు వేరే రంగు కూడా వేయనివ్వలేదు, వాడు వస్తే గుర్తుపట్టడేమోనని.

"వదినా, ఇది పనులకోసం చేసింది," అంది హైమావతి.

"అదీ పనే. ఎప్పటికీ అవని పని."

"ఎప్పుడు గుర్తు చెయ్యాలో చెప్పాలి కదా. ఏం చెప్తారు?"

"వాడొచ్చిన రోజు అని చెప్తాను."

"అది ఫోన్‌కెలా తెలుస్తుంది?"

సుభద్ర తలొంచుకుంది. "నిద్రమాత్రలు కూడా పనిచెయ్యట్లేదే. తెల్లారితే మళ్లీ ఎవరింటి పెళ్లో నవ్వు మొహంతో నిలబడాలి. నీకు చేతనవుతుందనే అడుగుతున్నాను."

హైమావతి మస్తాన్ వైపు చూసింది. 'నేను అడిగినప్పుడు' అని ఒక అవకాశం కలపడం పెద్ద పనేమీ కాదన్నాడతను. హైమావతికి అందులో చిక్కు వెంటనే కనిపించింది. మనసును పట్టి లాగనిదాన్ని మనిషి తనంతట తానుగా ఎందుకు అడుగుతుంది? అయినా ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లకింద నలుపు కూడా కనిపిస్తోంది. కలపమంది. మస్తాన్ అప్పటికప్పుడే కలిపాడు, పరీక్షకు వాడుతున్నవాళ్ల ఫోన్లన్నిటికీ కూడా అది చేరింది.

సుభద్ర ఫోన్ దగ్గరగా పట్టుకుని ఏదో చెప్పుకుంది. ఏం చెప్పిందో వాళ్లిద్దరూ వినలేదు. శబ్దం అయ్యాక తలెత్తి, "మంచినీళ్లున్నాయా?" అని అడిగింది. తాగింది. బస్సు టైమైందని వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె రేవుకు వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని మినప్పిండి రుబ్బుతూ రేడియో వింది. తెలియని నంబరు మోగితే, "ఎవరో లోన్లవాళ్లయి ఉంటారు," అని వదిలేసింది. మొహం నున్నగా తేరుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర, గోడలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయనీ, లేత పసుపు వేయిద్దామనీ అంది.

త్రినాథ్ చేతిలో ముద్ద అలాగే ఆగింది. అతను సుభద్రకు తమ్ముడు, సూరిబాబుకు అన్న, హైమావతికి భర్త. పడవ ఇంజన్ల విడిభాగాలు అమ్మే కంపెనీకి ఏజెంటు. నెలలో సగం రోజులు మచిలీపట్నం నుంచి పారాదీప్ దాకా రేవులన్నీ తిరుగుతుంటాడు.

"రంగు ఇప్పుడెందుకక్కా?" అన్నాడు.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడురా? వానలొచ్చాకా?"

పెరుగు గిన్నె అతని వైపు జరిపింది.

క్లినిక్‌లో మస్తాన్ ఒక సంగతి పట్టుకున్నాడు. "మేడమ్, వాడేవాళ్ల నిద్ర బావుంది. అది మనకు తెలుసు. వాడనివాళ్లది చూడండి."

హైమావతి చూసింది. కుదురు వాడే భార్య ప్రశాంతంగా నిద్రపోతోంది. ఇదివరకు గుర్రుపెట్టి నిద్రపోయే భర్త అటూ ఇటూ దొర్లుతున్నాడు. ఒక ఇల్లయితే ఏదో అనుకోవచ్చు. ఇంచుమించు అన్ని ఇళ్లలోనూ అదే. మొదట ప్రోగ్రాములో తప్పుందేమో అనుకున్నారు. మస్తాన్ అంతా తిరగేశాడు, తప్పేమీ లేదు. శబ్దం గోడలు దాటి పక్కవాళ్లకు సోకుతోందా అని కూడా ఆలోచించారు. అలాగైతే పక్కవాళ్లకూ నిద్ర బాగా పట్టాలి గానీ చెడకూడదు.

చివరకు హైమావతి వాళ్లలో ఒకాయనకు ఫోన్ చేసింది. ఆయన కాలేజీలో లెక్చరర్. భార్య కుదురు వాడుతోంది, ఆయన వాడడం లేదు.

"ఏం చెప్పమంటారు మేడమ్," అన్నాడాయన. "మా ఆవిడ పనులన్నీ చేస్తూనే ఉంది. ఏదీ ఆగట్లేదు. కానీ ఆవిడ మొహంలో ఇదివరకటి కంగారు కనబడట్లేదండి. అది కనబడకపోయేసరికి నాకు పట్టుకుంది. పడుకున్నాక గుర్తొస్తుంది, అబ్బాయి హాస్టల్లో తిన్నాడో లేదో అని. ఇన్నేళ్లలో నాకా ఆలోచనే రాలేదు. ఎందుకు రాలేదా అని కూడా ఇప్పుడే ఆలోచిస్తన్నాను."

ఫోన్ పెట్టేసి హైమావతి కిటికీ దగ్గర నిలబడింది. కింద టైలర్ మిషన్ ఆగి ఆగి కుడుతోంది. ఇంట్లో ఒకరు మోస్తున్నంత కాలం మిగతావాళ్లకు బరువు తెలియదు. ఆ ఒకరూ దించితే అది నేలమీద పడి ఉండిపోవడం లేదు. ఎవరో ఒకరి తలకు ఎక్కుతోంది. తాను చూసింది ఒక మనిషి మెదడునే. ఇంటినంతా కలిపి చూడాలని తోచలేదు.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి త్రినాథ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎవరికోసం?" అంది.

"ఎవరికోసమూ కాదు. ఊరికే." లోపలికి రాబోయి మళ్లీ ఆగాడు. "హైమా, నాకేదో అవుతోంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. రోడ్డుమీద నీలం చొక్కావాడెవడైనా వెళ్తే వెనక్కి తిరిగి చూస్తున్నాను. సూరిగాడు ఎక్కువగా నీలం చొక్కాలే వేసేవాడు."

హైమావతి అతనికి అంతా చెప్పింది, అక్క క్లినిక్‌కి రావడం, అడగడం, తను ఒప్పుకోవడం. త్రినాథ్ కోప్పడతాడనుకుంది. అతను గేటు గడియను తీస్తూ వేస్తూ విన్నాడు.

"వాడు పడవల్లోనే ఉంటాడని అందరికీ తెలుసు," అన్నాడు చివరికి. "నేను తిరిగేవన్నీ పడవలుండే ఊళ్లే. ఒక్క రేవులో కూడా నోరు తెరిచి అడగలేదు హైమా. అక్క చూసుకుంటోంది కదా అనుకున్నాను. అక్కేమో ఈ ఒక్క రేవులోనే అడిగింది. ఇద్దరం కలిసి ఏం చేసినట్టు?"

తర్వాతి వారం అతను మామూలుగానే టూరు వెళ్లాడు. ఈసారి ఇంజన్ భాగాల బేరం అయిపోగానే జేబులోంచి పాత ఫొటో తీసి చూపించేవాడు. విశాఖలో లేదన్నారు. గోపాల్‌పూర్‌లో, అలాంటివాడెవడో ఉండేవాడు గానీ ఇంకా పై రేవులకు వెళ్లిపోయాడన్నారు. పారాదీప్‌లో మన తెలుగువాళ్ల పేట ఒకటుంది. అక్కడ చేపలు ఆరబెడుతున్న ఒక ముసలమ్మ ఫొటోను ఎండకు అడ్డంగా పట్టుకుని చూసి, "మా కాకినాడ సూరి కాదూ? ఇప్పుడింత బక్కగా లేడులే," అంది.

త్రినాథ్ అక్కడినుంచే హైమావతికి ఫోన్ చేశాడు.

"దొరికాడు. ఇంజన్ల షెడ్డు పెట్టుకున్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మా కంపెనీ సామాన్లే వాడుతున్నాడు హైమా, వేరే డీలరు దగ్గర కొని. నన్ను చూసి మొదట ఏమన్నాడో తెలుసా? అక్క రమ్మందా, అని."

రమ్మనాలని ఇప్పుడు వదినకు అనిపించదని హైమావతికి తెలుసు. ఫోన్ పెట్టేసి మస్తాన్‌ను పిలిచింది. 'నేను అడిగినప్పుడు' అన్న అవకాశం తీసెయ్యమంది. ఇకమీదట దించే ఏ పనినైనా వారం కన్నా ఎక్కువ రోజులు దించి ఉంచడానికి వీల్లేకుండా మార్చమంది. ఇంట్లో ఒకరు పెద్ద బరువు దించుతుంటే, అది ఇంకెవరు చూసుకుంటారని కుదురు అడగాలంది.

"హైదరాబాద్ వాళ్లు ఒప్పుకోరు మేడమ్. పరీక్షకు వాడినవాళ్లలో ఎక్కువమందికి నచ్చింది ఆ అవకాశమే. దానికోసమే కొంటారని వాళ్ల లెక్క."

"ఒప్పుకోకపోతే మానేద్దాం."

మస్తాన్ ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు. అప్పటికే ఆ అవకాశం వాడినవాళ్లందరికీ ఫోన్లు చేసి, దించినవి మళ్లీ ఎత్తుకుంటారా అని అడిగారు. కొందరు వెంటనే ఎత్తుకున్నారు. కొందరు భయపడి ఆలోచిస్తామన్నారు. లెక్చరర్ గారి భార్య మాత్రం స్థిమితంగా, "ఇప్పుడే వద్దండి. ఇంకో రెండు నెలలు ఆయన్ని మొయ్యనివ్వండి. బాగా మోస్తున్నారు," అంది. ఆ సమాధానం విని హైమావతికి నవ్వొచ్చింది. కాదనడానికి ఆమెకు ఏ కారణమూ దొరకలేదు.

ఇక మిగిలింది తన ఇల్లు.

సూరిబాబు అన్నతో కలిసి ఒక మధ్యాహ్నం వచ్చాడు. మనిషి లావయ్యాడు, జుట్టు పలచబడింది. గేటు దగ్గర ఆగి పసుపు గోడల్ని కిందినుంచి పైదాకా చూశాడు. సుభద్ర తలుపు తీసింది.

"వచ్చావా? రా. ఎండన పడి వచ్చారు. కాళ్లు కడుక్కోండి, వడ్డించేస్తాను."

ఆ మాటలో ఏ లోటూ లేదు. పెళ్లింటికి వచ్చిన చుట్టాన్ని ఆమె అలాగే పిలుస్తుంది. సూరిబాబు వంగి కాళ్లకు దణ్ణం పెడితే తలమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెంటనే వెనక్కి వచ్చి పమిట సర్దుకుంది. గోంగూర పప్పు, వంకాయ కూర, పెరుగు. కొసరి కొసరి వడ్డించింది. ఈ ఏడాది పూల ధరల గురించీ, రంగులవాళ్లు పెట్టిన తిప్పల గురించీ చెప్పింది. సూరిబాబు తలొంచుకుని తిన్నాడు. తింటూ మధ్యమధ్య ఆమె మొహంలోకి చూసేవాడు.

చెయ్యి కడుక్కుని వరండాలోకి వచ్చి హైమావతి పక్కన నిలబడ్డాడు.

"అక్క నన్నొక్క మాట కూడా అడగలేదు వదినా. పిల్లల పేర్లేంటని కూడా అడగలేదు. తిడుతుందని దారంతా తయారై వచ్చాను. తిట్టినా బావుండును."

హైమావతి దాచలేదు. కుదురు అంటే ఏమిటో చెప్పింది. సుభద్ర ఫోన్ హాల్లో బల్లమీద ఉంది. అతను కిటికీలోంచి దానివైపు చాలాసేపు చూశాడు.

"అయితే నేనిప్పుడు అందులో ఉన్నానా?"

"నువ్వు కాదు. నీకోసం పడ్డ బెంగ ఉంది."

"తీస్తే?"

"అంత పాతదాన్ని ఎవరికీ ఎప్పుడూ తియ్యలేదు. ఏమవుతుందో నాకు తెలీదు సూరిబాబూ."

లోపలినుంచి సుభద్ర గొంతు వినిపించింది. "మీరు గుసగుసలాడక్కర్లేదు. నాకు వినబడుతోంది." ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గడపమీద కూర్చుంది. "నేను దించిందేమిటో నాకు గుర్తుంది. వీడొస్తే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ అవలేదు. హాయిగానే ఉంది."

"అలాగే ఉండక్కా," అన్నాడు సూరిబాబు. "ఇప్పుడు దారి తెలిసింది కదా. వస్తూ పోతూ ఉంటాను. నువ్వు మళ్లీ బాధపడ్డమెందుకు?"

త్రినాథ్ కూడా అదే అన్నాడు. సుభద్ర వాళ్ల మాటలు వింటోందో లేదో తెలియలేదు. హైమావతి వైపే చూస్తోంది.

"వీడి మోచెయ్యి దగ్గర ఇంత కాలిన మచ్చ ఉంది. వడ్డిస్తూ చూశాను. అదెలా అయిందో తెలుసుకోవాలని నాకు అనిపించలేదు హైమా. అనిపించాలి కదా?"

సూరిబాబు ఆ మచ్చను రెండో చేత్తో కప్పుకున్నాడు.

"నువ్వు తీసింది బరువొక్కటే అనుకున్నావు. దాంతో ఇంకేవో పోయినట్టున్నాయి. ఏం పోయాయో నాకు తెలీట్లేదు. అది కూడా తెలుసుకోవాలని అనిపించట్లేదు." ఆమె చెయ్యి చాచింది. "ఆ ఫోనిలా ఇవ్వు."

"వదినా, ఒక్కసారిగా అంతా మీద పడుతుంది. మీకసలే బీపీ."

"డాక్టర్ని పిలుచుకో. పక్కన కూర్చోబెట్టుకో. నేను మాత్రం వింటాను."

డాక్టర్ని నిజంగానే పిలిచారు. వీధి చివర ఉండే ఆయనే. ఆయన వచ్చి బీపీ చూసి, ఈ వ్యవహారం తనకేమీ అర్థం కాలేదని చెబుతూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సుభద్ర గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. తమ్ముళ్లిద్దరూ చెరోపక్క కూర్చున్నారు. హైమావతి ఎత్తే శబ్దాన్ని మొదలుపెట్టి, ఫోన్‌ను వదిన చేతిలో ఉంచింది.

శబ్దం ఆగింది. దాని వెంట సుభద్ర గొంతు, క్లినిక్‌లో ఆ రోజు ఎవరూ వినని మాట, మెల్లగా పలికింది: "మా సూరిగాడు ఇంటికి రావాలి."

సుభద్ర ఊపిరి ఒకసారి బిగబట్టింది. కళ్లు మూసుకుంది. వెనక గోడను తడుముకుంది, పడిపోతున్న మనిషిలాగా. డాక్టరు లేవబోతే హైమావతి ఆగమని సైగ చేసింది. సుభద్ర మొహంలోకి రక్తం ఎక్కింది, నుదుటిమీద చెమట పట్టింది. నున్నగా తేరుకున్న ఆ మొహం చూస్తూ ఉండగానే ముడతలు పడి, ఇదివరకటి మొహం అయింది. కళ్లు తెరిచి ఎడమవైపు చూసింది. చూసి, తమ్ముడి చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుంది.

కొడుతుందనుకున్నారు. ఏడుస్తుందనుకున్నారు. ఆమె నోరు రెండుమూడుసార్లు తెరుచుకుని మూసుకుంది. ఏది ముందు రావాలో తేలక మాటలన్నీ గొంతుదగ్గర అడ్డుపడ్డట్టున్నాయి. చివరకు ఒకటి బయటపడింది.

"ఆ రోజు కాళ్లకి చెప్పుల్లేకుండా పోయావురా. ఎక్కడ కొనుక్కున్నావు?"

సూరిబాబు తెల్లబోయాడు. అలాంటి ప్రశ్నకు అతను తయారై రాలేదు. కాసేపు జ్ఞాపకాన్ని వెతుక్కున్నాడు.

"కొనలేదక్కా. తుని స్టేషన్లో టీలమ్మే ఆయన ఒకాయన ఇచ్చాడు. పాతవి."

"సరిపోయాయా?"

"పెద్దవి. తాడు కట్టుకున్నాను."

"అంటే తుని దాకా ఒట్టికాళ్లతోనే పోయావా? రైల్లోనా, నడిచా? అన్నం ఎవరు పెట్టారు? ఆయనేనా? ఆయన పేరేంటి?"

"ఆయనే పెట్టాడు. పేరు అడగలేదక్కా."

"అడగలేదా?" సుభద్ర కాలరు వదల్లేదు. ఇప్పుడు ఆమె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అవి తుడుచుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు. "నీకు చెప్పులిచ్చి అన్నం పెట్టిన మనిషి పేరు అడగకుండా వచ్చేశావా? సరే, మనిషెలా ఉంటాడో చెప్పు."